కాలనీలో వాన నీరు నిలుస్తోంది, వేసవిలో ట్యాంకర్లు: హైదరాబాద్‌లో ఏ పని ముందు అడగాలి?

చెరువుకింది_కాలనీ

నగర శివారులో ఒక చెరువు మత్తడికి (చెరువు నిండితే నీరు పొర్లే చోటు) దిగువన ఉన్న కాలనీ. సుమారు 200 ఇళ్లు, 6 హెక్టార్లు, 1,500 మంది జనాభా. గంటలో నాలుగు సెంటీమీటర్ల వాన పడితే మ్యాన్‌హోళ్లు పొంగుతాయి, పల్లపు వీధిలో మోకాలి లోతు నీళ్లు. మార్చి దాటితే బోర్లు ఎండి ట్యాంకర్లు. వార్డు ఇంజనీర్లతో త్వరలో సమావేశం ఉంది. ‘డ్రైనేజీ బాగుచేయండి’ అని అర్జీ రాసిస్తే ఎక్కడో ఒక పైపు ముక్క వేసి వెళ్తారు. అందుకని ఏ పని, ఏ కొలతతో, ఏ వరుసలో అడగాలో ఈ రంగం తెలిసినవాళ్లు చెప్పండి. అసోసియేషన్‌లో ఇప్పటికి మూడు ప్రతిపాదనలు ఉన్నాయి: పెద్ద పైపు వేయించడం, ఇంటింటికీ ఇంకుడు గుంత, చెరువు పూడిక తీయించడం.

నాలా_లెవెల్

ఆ మూడింటిలో ఏదీ మొదటి పని కాదండి. ముందు పొంగుతున్నది ఏ లైనో తేల్చండి. రోడ్డు కింద మురుగుకు ఒక లైను, వాన నీటికి వేరే లైను ఉండాలి. మ్యాన్‌హోల్ పొంగుతోందంటే వాన నీరు మురుగు లైన్లోకి వస్తోందన్నమాట. ఎంత తేడా పడుతుందో లెక్క చూడండి.

మురుగు: 1,500 మంది, మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు, అందులో 80 శాతం మురుగు. అంటే రోజుకు 1,62,000 లీటర్లు, సగటున సెకనుకు 1.9 లీటర్లు. పొద్దుటి రద్దీకి మూడింతలు వేసుకున్నా 5.6 లీటర్లు.

వాన: సెకనుకు ఎన్ని ఘనమీటర్లు పారుతుందో తేల్చాలంటే గుణకాన్ని (పడ్డ వానలో ఇంకకుండా పారే భాగం) గంటకు మిల్లీమీటర్లలో వానతో, హెక్టార్లతో హెచ్చించి 360తో భాగించాలి. డాబాలు, సిమెంటు రోడ్లు నిండిన కాలనీకి గుణకం 0.85 పెట్టుకోవచ్చు. 0.85 × 40 × 6 ÷ 360 = 0.567. అంటే సెకనుకు 567 లీటర్లు, రద్దీ వేళ మురుగుకు నూరు రెట్లు.

1:200 వాలులో (200 మీటర్లకు ఒక మీటరు దిగేలా) 200 ఎంఎం మురుగు పైపు నిండుగా పారితే మోయగలిగేది సెకనుకు 23 లీటర్లే. 150 చదరపు మీటర్ల డాబా మీద నుంచి అదే వానకు సెకనుకు 1.5 లీటర్లు దిగుతుంది. పన్నెండు డాబాల పైపులు మురుగు లైన్లో కలిపి ఉంటే చాలు, ఆ పైపు నిండిపోతుంది. ఉన్నవి 200 డాబాలు. ఈ కలుపులు విడదీయకుండా మురుగు పైపును ఎంత పెద్దది చేసినా డబ్బు దండగ.

చెరువుకింది_కాలనీ

ఏ ఇల్లు కలిపిందో, ఏది కలపలేదో ఎలా తెలుస్తుంది? అడిగితే అందరూ ‘మాది విడిగానే ఉంది’ అంటారు.

పైపులైన్_పని

రంగు నీళ్ల పరీక్ష చేయండి. ఎండ రోజున, మధ్యాహ్నం వాడకం తక్కువగా ఉన్నప్పుడు ఒక బకెట్‌లో మిఠాయిలకు వాడే రంగు చిక్కగా కలిపి డాబా జాలీలో పోసి, వెంటనే ఇంకో నాలుగైదు బకెట్ల మంచి నీళ్లు పోయాలి. వీధిలో దిగువ వైపు మ్యాన్‌హోల్ దగ్గర ఒకరు, వాన కాలువ దగ్గర ఒకరు నిలబడితే రంగు ఎక్కడ వచ్చిందో పది నిమిషాల్లో తెలుస్తుంది. మూత తెరవడం జలమండలి సిబ్బంది సమక్షంలోనే, గొయ్యిలోకి ఎవరూ దిగకూడదు. వరసగా రెండు మూడు ఇళ్లు చూసేటప్పుడు ఇంటికో రంగు వాడండి, లేకపోతే గందరగోళం.

తిరగేసి ఇంకో పరీక్ష: వాన లేని రోజు పొద్దున 6 నుంచి 9 దాకా వాన కాలువ చూడండి. నీళ్లు పారుతుంటే ఎవరిదో మురుగు అందులో పడుతోంది.

విడదీయడం పెద్ద పని కాదు. సాధారణంగా 110 ఎంఎం డాబా పైపు కిందికి దిగి, బాత్రూం నీళ్లు వచ్చే చాంబర్‌లోనే కలుస్తుంది. దాన్ని చాంబర్‌కు ముందే కోసి, బెండు పెట్టి, 110 లేదా 160 ఎంఎం పైపుతో 1:100 వాలులో విడిగా తీసుకెళ్లి సంపులోకో, గుంతలోకో, మిగులు వాన కాలువలోకో ఇవ్వాలి. పాత రంధ్రానికి ఎండ్ క్యాప్ వేసి సిమెంటుతో మూయాలి. చాలామంది ఇది మరిచిపోతారు, పెరటి నీళ్లు ఆ రంధ్రంలోంచే మళ్లీ మురుగులోకి దిగుతాయి. పెరట్లోని మురుగు చాంబర్ మూత చుట్టుపక్కల నేల కంటే కనీసం 10 సెంటీమీటర్లు ఎత్తులో ఉండాలి. చాంబర్‌ను నేలకు సమంగా కట్టి పైన జాలీ మూత పెడితే పెరడంతా దానికే వాలుతుంది.

రోడ్డు కంటే పల్లంలో ఉన్న ఇళ్లకు మురుగు లైను మీద నాన్ రిటర్న్ వాల్వు (రోడ్డు మురుగు వెనక్కి ఇంట్లోకి రాకుండా ఆపేది), 110 లేదా 160 ఎంఎంది, చివరి చాంబర్‌లో పెట్టించండి. వాల్వు మూసుకున్నంతసేపు ఇంట్లోని మురుగు కూడా బయటికి పోదు, ఆ గంట నీళ్లు తక్కువ వాడాలి. రెక్క దగ్గర జుట్టు, గుడ్డ పేలికలు పట్టుకుంటే అది మూసుకోదు. వర్షాకాలంలో నెలకోసారి తెరిచి కడగకపోతే పెట్టించి లాభం లేదు.

గ్రానైట్_కింద_నీళ్లు

ఇంకుడు గుంతల గురించి. వరద కోసం గుంత, భూగర్భ జలం కోసం గుంత, ఈ రెండు లెక్కలూ వేరు.

2 మీటర్ల పొడవు, 2 వెడల్పు, 2 లోతు గుంత 8 ఘనమీటర్లు. రాళ్లు నింపాక ఖాళీ 35 నుంచి 40 శాతమే మిగులుతుంది, అంటే సుమారు 3 ఘనమీటర్లు. 150 చదరపు మీటర్ల డాబా మీద 40 మిల్లీమీటర్ల వానకు 5.4 ఘనమీటర్లు దిగుతుంది. సగం పడుతుంది, మిగతాది పొర్లుతుంది. హైదరాబాద్ చాలా చోట్ల పైన కొద్దిపాటి ఎర్రమట్టి, దాని కింద మొరం, ఆ కింద గట్టి గ్రానైట్. బంకమట్టి కలిసిన మొరంలో గంటకు 10 మిల్లీమీటర్లు ఇంకితే, అడుగు, పక్కలు కలిపి చూసుకున్నా ఈ గుంత ఖాళీ కావడానికి ఒక రోజు పైనే పడుతుంది. సాయంత్రం వాన, మళ్లీ అర్ధరాత్రి వాన పడితే రెండో వానకు గుంత నిండుగానే ఉంటుంది.

అందుకే తవ్వే ముందు నేల పరీక్ష చేయాలి. ఒక అడుగు వెడల్పు, మీటరు లోతు గొయ్యి తీసి, రాత్రంతా నీళ్లు నింపి నాననిచ్చి, పొద్దున మళ్లీ నింపి గంటకు మట్టం ఎంత దిగిందో స్కేలుతో చూడండి. 5 మిల్లీమీటర్ల లోపు దిగితే అక్కడ గుంత తవ్వొద్దు. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వైపు మీటరు లోతులోనే బండ తగిలే చోట్ల గుంత నీళ్ల తొట్టిలాగే మిగులుతుంది, దోమలు తప్ప లాభం ఉండదు.

నేల బాగుంటే వరుస ఇది: అడుగున 40 ఎంఎం కంకర, దాని మీద 20 ఎంఎం కంకర, ఆపైన నైలాన్ జాలీ, జాలీ మీద 15 నుంచి 20 సెంటీమీటర్ల దొడ్డు ఇసుక. పై నుంచి 40 సెంటీమీటర్లు ఖాళీ వదలాలి, నీరు నిలవడానికి జాగా అదే. పాడయ్యేది ఇసుక పొరే. బురద పేరుకుని పైన పెచ్చులా కడుతుంది. ఏటా మే నెలలో పై 5 సెంటీమీటర్ల ఇసుక గీకి కొత్తది వేయాలి. జాలీ లేకుండా ఇసుక వేస్తే అది కంకర సందుల్లోకి జారిపోయి రెండు మూడు వానాకాలాల్లో గుంత మొత్తం పూడుతుంది, అప్పుడు అంతా తీసి కడగడం తప్ప దారి లేదు. రోడ్డు నీళ్లు, బండ్లు కడిగిన నీళ్లు గుంతలోకి రానివ్వకండి. నీళ్లను నేరుగా బోరు గొట్టంలోకి దించే పద్ధతి కొందరు అమ్ముతున్నారు. వడకట్టని నీళ్లు అలా దించితే చుట్టుపక్కల బోర్లు కూడా చెడవచ్చు, బాగుచేయడం చాలా కష్టం.

మూసీ_పరీవాహకం

లెక్కలు సరిగ్గానే ఉన్నాయి, కానీ మీ తీర్పు కొంచెం కఠినంగా ఉంది. 200 గుంతలు అంటే 600 ఘనమీటర్లు. 6 హెక్టార్ల మీద 40 మిల్లీమీటర్ల వానకు మొత్తం పారేది 2,040 ఘనమీటర్లు. దాదాపు 30 శాతం తగ్గుతోంది. పల్లపు వీధిలో మోకాలి లోతు మడమ లోతు అవుతుందేమో! దాన్ని తీసిపారేయొద్దు.

గ్రానైట్_కింద_నీళ్లు

తీసిపారేయడం లేదండి. ఒకే ఒక వానకు, ఖాళీ గుంతకు, నేల బాగున్న ఇళ్లకు ఆ 30 శాతం నిజం. కానీ అదే డబ్బుతో డాబా నీటిని సంపులోకి తిప్పితే ఫలితం నమ్మకంగా ఉంటుంది. చాలా ఇళ్లకు సంపు ఉండనే ఉంది. అందులో 5,000 లీటర్ల ఖాళీ ఉంచగలిగితే ఒక గట్టి వానలో డాబా మీద పడ్డ నీరంతా దాదాపుగా ఆగిపోతుంది. 200 ఇళ్లకు అది 1,000 ఘనమీటర్లు, మీ మొత్తం వరదలో సగం. పైగా మర్నాడు అదే నీళ్లు బట్టలకు, ఇల్లు కడగడానికి వాడుకుంటారు, కాబట్టి సంపు మళ్లీ ఖాళీ అవుతుంది. గుంతను సంపు పొర్లు నీటికి పెట్టుకోండి.

మొదటి 2 మిల్లీమీటర్ల వాన మాత్రం బయటికి వదలాలి. 150 చదరపు మీటర్ల డాబాకు అది 300 లీటర్లు. డాబా పైపుకు కింద ఒక టీ పెట్టి, 300 లీటర్ల చిన్న డ్రమ్ము ముందు నిండాకే నీరు సంపు వైపు మళ్లేలా చేస్తే సరి. డ్రమ్ము అడుగున సన్నటి రంధ్రం లేదా పావు తిప్పిన కుళాయి ఉంచితే మరుసటి వానకు తనంతట తానే ఖాళీ అవుతుంది.

శిఖం_నక్షా

అసలు సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు. మీరు మత్తడికి దిగువన ఉన్నారు. కాలనీలో పడ్డ వాన ఒక ఎత్తు, చెరువు మీంచి వచ్చేది ఇంకో ఎత్తు.

హైదరాబాద్ చుట్టూ చెరువులు గొలుసుకట్టుగా ఉన్నాయి. పై చెరువు నిండితే మత్తడి దూకి వాగు ద్వారా కింది చెరువులోకి, చివరికి మూసీలోకి. 1908 సెప్టెంబరు వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టినప్పుడు కూడా ఆలోచన ఇదే: వరదను ఎగువనే పట్టి, మెల్లగా వదలడం. ఆ పని చేయాలంటే చెరువులో ఖాళీ ఉండాలి. ఇప్పుడు శివారు చెరువుల జబ్బేమిటంటే, అవి ఏడాది పొడవునా నిండుగా ఉంటున్నాయి. వాన నీటితో కాదు, మురుగుతో.

ఎగువన 10,000 మంది మురుగు పడితే రోజుకు 1,080 ఘనమీటర్లు. 10 హెక్టార్ల చెరువులో అది రోజుకు ఒక సెంటీమీటరు మట్టం. మే నెల ఎండకు ఆవిరయ్యేది దాదాపు అంతే. చెరువు తగ్గదు. జూన్‌లో మొదటి వానకే మత్తడి దూకుతుంది, మీ వీధిలోకి నేరుగా.

ఎంత ఖాళీ చేస్తే చాలు? పరీవాహకం 100 హెక్టార్లు అనుకుందాం. 60 మిల్లీమీటర్ల వాన, గుణకం 0.6, వచ్చే నీరు 36,000 ఘనమీటర్లు. 10 హెక్టార్ల చెరువులో మట్టం 36 సెంటీమీటర్లు దించి ఉంచితే ఆ వాన మొత్తం చెరువులోనే ఆగుతుంది. పైపు కంటే, గుంత కంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే.

పూడికతీత ప్రతిపాదన మీద ఒక హెచ్చరిక. తూము (కట్ట కింద నుంచి నీరు వదిలే ద్వారం) మట్టం కంటే కిందికి తవ్విన గొయ్యి వరదకు పనికిరాదు. అందులోకి చేరిన నీరు బయటికి పోదు, వాన వచ్చేసరికి నిండే ఉంటుంది. భూగర్భ జలానికి కొంత మేలు, అంతే. వరద తగ్గించేది తూముకూ మత్తడికీ మధ్య ఉన్న ఖాళీ ఒక్కటే. కాబట్టి ‘పూడిక తీయండి’ అని కాదు, ‘తూము తెరుచుకునేలా చేయండి, మే 31కల్లా మట్టం అర మీటరు దించండి’ అని రాయండి.

చెరువుకింది_కాలనీ

తూము ఎక్కడుందో ఎవరికీ తెలియదు. కట్ట మీద ఇప్పుడు వాకింగ్ ట్రాక్ ఉంది. కట్టకు గండి కొట్టమంటారా?

శిఖం_నక్షా

గండి మాట ఎత్తనే వద్దు. 2020 అక్టోబరులో పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగినప్పుడు కింది బస్తీలకు ఏం జరిగిందో అందరూ చూశారు. తెగిన కట్టను ఎవరూ ఆపలేరు.

తూము పూడిపోయి ఉంటే తాత్కాలికంగా సైఫన్ పెట్టవచ్చు. 200 ఎంఎం హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు, సుమారు 40 మీటర్ల పొడవు, కట్ట మీదుగా. అటూ ఇటూ నీటి మట్టం తేడా మీటరున్నర ఉంటే రోజుకు దాదాపు 6,000 ఘనమీటర్లు లాగుతుంది, కరెంటు అక్కర్లేదు. రోజూ వచ్చి చేరే మురుగు పోను వారం రోజుల్లో పైన చెప్పిన 36 సెంటీమీటర్లు దిగుతుంది. పైపు కట్ట మీద అన్నిటికంటే ఎత్తున ఉన్న చోట గాలి తీసే వాల్వు, లోపలి మూతికి జాలీ, మొదట నింపడానికి చిన్న పంపు కావాలి. కీళ్ల దగ్గర గాలి పీలిస్తే సైఫన్ తెగిపోతుంది, సాధారణంగా చెడేది అక్కడే. ఇది నీటిపారుదల శాఖ అనుమతితో, వాళ్ల ఇంజనీరు ముందు చేయాల్సిన పని. శాశ్వతంగా అయితే పాత తూమును వెతికి షట్టరు మార్చాలి. గ్రామ నక్షాలో ఆయకట్టు కాలువ మొదలయ్యే చోటు చూస్తే తూము ఎక్కడుందో తెలుస్తుంది.

ఒక ముఖ్యమైన విషయం: చెరువు మీద మత్స్యకారుల సహకార సంఘానికి హక్కులు ఉంటే వాళ్లతో ముందే మాట్లాడండి. వేసవిలో ఉన్నట్టుండి మట్టం దించితే ఆక్సిజన్ పడిపోయి చేపలు చస్తాయి. రోజుకు 5 సెంటీమీటర్లకు మించకుండా, చేపలు పట్టడం అయ్యాక దించితే ఇబ్బంది తక్కువ.

మూసీ_పరీవాహకం

దీనికి తోడు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు), బఫర్ (ఆ హద్దు చుట్టూ కట్టడాలు ఉండకూడని జాగా) సంగతి కూడా తెలుసుకుని వెళ్లండి. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు, జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు కట్టడాలు ఉండకూడదు. 10 మీటర్ల కంటే వెడల్పైన వాగు, నాలాకు 9 మీటర్లు, అంతకు తక్కువదానికి 2 మీటర్లు. మత్తడి నుంచి కింది చెరువు దాకా వాగు ఎక్కడ ఇరుకైందో నక్షాతో పోల్చి, కొలిచి, ఫొటోలు తీసి ఇస్తేనే హైడ్రా (చెరువులు, నాలాల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ) గానీ ఇంకెవరు గానీ కదిలేది. ‘ఆక్రమణలు ఉన్నాయి’ అని రాస్తే సరిపోదు. సర్వే నంబరు, నక్షాలో వెడల్పు, ఇప్పటి వెడల్పు, మూడూ ఉండాలి.

పని ఎప్పుడూ కింది నుంచి పైకి జరగాలి. మీ దగ్గర నాలా వెడల్పు చేసి దిగువన ఇరుకు అలాగే వదిలేస్తే ముంపు కింది కాలనీకి మారుతుంది, అంతే. అర్జీలో కింది కాలనీ సంతకాలు కూడా తీసుకోండి.

బస్తీ_పక్షం

నాలా పక్కన రేకుల ఇళ్లలో ఉండేవాళ్ల సంగతి కూడా ఇదే అర్జీలో రాయండి. వెడల్పు పని ఆగిపోయేది ఎక్కువగా అక్కడే. ఇళ్లు తీసేసే ముందు కుటుంబాల వారీగా సర్వే జరగాలి, అద్దెకున్నవాళ్ల పేర్లు కూడా అందులో ఉండాలి. ఇచ్చే ఇల్లు 25 కిలోమీటర్ల అవతల ఉంటే ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు ఉపాధి పోతుంది, ఆరు నెలల్లో తిరిగొచ్చి ఇంకో నాలా పక్కన గుడిసె వేసుకుంటారు. పనికి వెళ్లగలిగే దూరంలో ఇల్లు చూపించి, పిల్లల బడి మార్పు జూన్‌లో జరిగేలా చూసి, ఆ తర్వాతే మిషన్ దించాలి. వరద వస్తే అందరికంటే ముందు మునిగేది వాళ్లే, వాళ్లను శత్రువుల్లా చూసే అర్జీ మీద సంతకం పెట్టకండి.

నాలా_లెవెల్

ఆ మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను.

ఇక పైపు కొలత. కాలనీ సొంత నీటికి, సెకనుకు 567 లీటర్లకు, 1:200 వాలు దొరికితే 600 ఎంఎం పైపు చాలదు, దాని సామర్థ్యం 434 లీటర్లు. 750 ఎంఎం కావాలి, అది 787 మోస్తుంది. వాలు 1:500కు పడిపోతే 750 కూడా 498 దగ్గరే ఆగుతుంది, 900 వేయాలి. వాలు తెలియకుండా పైపు వ్యాసం చెప్పడం గుడ్డి లెక్క, అందుకే లెవెల్ సర్వే ముందు చేయించాలి. ప్రతి 10 మీటర్లకు రోడ్డు మట్టం, ప్రతి మ్యాన్‌హోల్ దగ్గర పైపు అడుగు మట్టం, చివర నాలా అడుగు మట్టం, నాలాలో వరద గుర్తు మట్టం. ఈ నాలుగూ ఒకే బెంచ్‌మార్కు (మట్టం తెలిసిన స్థిరమైన గుర్తు) నుంచి తీయాలి. నాలా వరద మట్టం మీ పైపు చివర కంటే పైన ఉంటే ఎంత పెద్ద పైపైనా వెనక్కి తంతుంది, అక్కడ ఫ్లాప్ గేటు (నాలా నీరు వెనక్కి రాకుండా మూసుకునే తలుపు), పంపు తప్పవు.

పెట్టె కాలువ కడితే మూతల గురించి గట్టిగా అడగండి. మీటరు పొడవు, 90 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం ఉన్న ఒక స్లాబు 330 కిలోలకు పైనే. కొక్కేలు లేకుండా పోస్తే దాన్ని ఎవరూ ఎత్తరు, పూడిక ఎప్పటికీ తీయరు. ప్రతి 10 మీటర్లకు ఇనుప జాలీ, స్లాబులకు ఎత్తే కొక్కేలు, ఈ రెండూ అంచనాలోనే రాయించండి. తీసిన పూడికను గట్టు మీద వదిలేస్తే మొదటి వానకే మళ్లీ లోపలికి జారుతుంది. అదే రోజు లారీలో పోవాలి.

రోడ్డు కూడా. పాత తారు గీకకుండా దాని మీదే కొత్త పొర వేస్తే ప్రతిసారీ 4, 5 సెంటీమీటర్లు లేస్తుంది. మూడుసార్లు వేస్తే ఇళ్ల గుమ్మాలు రోడ్డు కింద పడతాయి. కొత్త రోడ్డు అడిగేటప్పుడు ‘మిల్లింగ్ చేసి, పాత మట్టం దాటకుండా, రెండు నుంచి రెండున్నర శాతం క్యాంబర్‌తో (రోడ్డు మధ్య నుంచి అంచులకు వాలు)’ అని రాయండి.

పైపులైన్_పని

వాన పడుతుండగా మ్యాన్‌హోల్ మూత తెరిచి రోడ్డు నీళ్లు అందులోకి వదిలే అలవాటు మానాలి. నీళ్ల కింద గొయ్యి కనబడక మనుషులు కొట్టుకుపోయారు ఈ నగరంలో. పైగా రోడ్డు మట్టి, ప్లాస్టిక్ అంతా మురుగు లైన్లో పడి గడ్డకడుతుంది, మర్నాడు మనిషిని దింపమని ఒత్తిడి మొదలవుతుంది. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగు గొయ్యిలోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు ఎక్కువగా ఉంటే రెండు ఊపిర్లలో స్పృహ పోతుంది, కాపాడబోయిన రెండోవాడు కూడా పోతాడు. చావు జరిగితే 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది, కానీ పోయిన మనిషి తిరిగి రాడు. జలమండలి నంబరు 155313కు ఫిర్యాదు చేసి ఎయిర్‌టెక్ మిషనే (మురుగు లైను శుభ్రం చేసే యంత్రం) అడగండి. ఎవరో వెయ్యి రూపాయలకు దిగుతానన్నా ఒప్పుకోకండి.

చెరువుకింది_కాలనీ

ఇంకో సంగతి. పొద్దున వాన కాలువ చూశాం. ఎగువన 100 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ ఎస్‌టీపీ (మురుగు శుద్ధి కేంద్రం) నుంచి నురగ నీళ్లు అందులోకి వస్తున్నాయి. వాళ్లు ‘శుద్ధి చేసిన నీరే’ అంటున్నారు.

ఎస్‌టీపీ_నిర్వహణ

గొడవకు వెళ్లకుండా నాలుగు విషయాలు చూపించమనండి.

ఏరేషన్ ట్యాంకులో (మురుగులోకి గాలి ఊదే ట్యాంకు) కరిగిన ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాములకు దగ్గరగా ఉందా? కరెంటు బిల్లు తగ్గించడానికి రాత్రిళ్లు గాలి ఊదే బ్లోయరు ఆపేస్తే మురుగును శుద్ధి చేసే సూక్ష్మజీవులు చస్తాయి, పొద్దున వాసన, నల్ల నీళ్లు. ఎస్‌టీపీలు ఇలా కూడా చెడతాయి, మిషన్ల వల్లే కాదు. రెండోది, లీటరు జాడీలో ఏరేషన్ ట్యాంకు నీళ్లు పట్టి అరగంట కదపకుండా ఉంచితే మడ్డి 250 నుంచి 350 మిల్లీలీటర్ల దగ్గర ఆగి పైన తేట నీరు కనబడాలి. మడ్డి 100 కూడా లేకపోతే శుద్ధి జరగడం లేదు. 600 దాటితే మడ్డి తీసేయడం ఆపేశారు. తెల్లటి నురగ సాధారణంగా మడ్డి తక్కువగా ఉన్నప్పుడు, సబ్బు ఎక్కువైనప్పుడు వస్తుంది. మీరు చూసింది అదే కావచ్చు. మూడోది, చివర క్లోరిన్ మిగులు లీటరుకు 0.5 మిల్లీగ్రాములైనా ఉందా. నాలుగోది లాగ్‌బుక్.

లెక్క ప్రకారం 100 ఫ్లాట్లు, 400 మంది, మురుగు రోజుకు 43,000 లీటర్లు. ఫ్లష్‌కు మనిషికి 45 లీటర్లు వేసుకుంటే 18,000 లీటర్లు వాళ్లే వాడుకోవచ్చు. 5,000 లీటర్ల ట్యాంకర్లు రోజుకు మూడున్నర తగ్గినట్టు. ఇది చెప్పండి, వాళ్లకూ ఆసక్తి కలుగుతుంది. కానీ ఫ్లష్‌కు విడి పైపులు ముందే వేసి ఉండాలి, లేని భవనంలో తోటకూ కార్లు కడగడానికే పరిమితం. మిగిలింది మురుగు లైన్లోకి పోవాలి, వాన కాలువలోకి కాదు.

చెరువుకింది_కాలనీ

ఈ కొలతలన్నీ సేకరించేలోపు వాన వస్తే ఏం రాసి పెట్టుకోవాలి?

నాలా_లెవెల్

పల్లపు వీధిలో ఒక కరెంటు స్తంభం మీద నేల నుంచి 10 సెంటీమీటర్లకొక గీత రంగుతో వేయండి. వాన మొదలైనప్పటి నుంచి పావుగంటకోసారి గీత కనబడేలా, సమయం నమోదయ్యేలా ఫొటో. స్తంభాన్ని ముట్టుకోకుండా, దూరం నుంచి లేదా బాల్కనీ నుంచి. తెలంగాణ అభివృద్ధి ప్రణాళికా సంస్థ వాతావరణ కేంద్రాల నుంచి మీకు దగ్గరి కేంద్రం వర్షపాతం అదే సమయాలకు రాసుకోండి. మత్తడి మీద ఎన్ని సెంటీమీటర్ల మందంతో దూకుతోందో కూడా.

చదవడం ఇలా: వాన ఆగిన అరగంటలో నీరు తగ్గిపోతే లైను బాగానే ఉంది, జాలీలు మూసుకుపోయాయి లేదా చాలినన్ని లేవు. రెండు మూడు గంటలు నిలిస్తే పైపు చిన్నది లేదా పూడింది. వాన ఆగాక కూడా మట్టం పెరుగుతుంటే అది మీ కాలనీ నీరు కాదు, చెరువుదో నాలాదో. ఈ మూడోది కనబడితే సమావేశానికి వార్డు ఇంజనీరుతో పాటు నీటిపారుదల శాఖ వాళ్లు కూడా రావాలని ముందే రాతపూర్వకంగా అడగండి. మత్తడి, తూము వార్డు ఇంజనీరు చేతిలో ఉండవు.